డిష్ బిగించే ముందు ఆగ్నేయాన్ని చూడండి
ఇరుకు గల్లీల్లోనూ ఉపగ్రహ ప్రసారం సాధ్యమే.. విద్యుత్ తీగలతోనే అసలు ముప్పు

పాతబస్తీ (హైదరాబాద్): ఒకదానికొకటి ఆనుకుని నిలిచిన మేడలు.. రెండు చేతులు చాచితే ఇరువైపులా గోడలు తగిలే గల్లీలు.. తలెత్తి చూస్తే ఆకాశం కంటే తీగలే ఎక్కువగా కనిపించే కూడళ్లు. పాతబస్తీలో ఉపగ్రహ టీవీ అమర్చుకోదలచిన కుటుంబానికి ముందుగా ఎదురయ్యే దృశ్యమిది. ఇంత ఇరుకులో డిష్‌కు సంకేతం అందుతుందా అన్న సందేహం చాలామందిని వెనుకాడేలా చేస్తోంది. అయితే హైదరాబాద్‌కు ప్రకృతి ఇచ్చిన వెసులుబాటు ఒకటుంది. ప్రసార ఉపగ్రహాలు ఇక్కడి ఆకాశంలో చాలా ఎత్తున ఉంటాయి. ఆగ్నేయ దిశలో కాసింత ఆకాశం కనిపిస్తే చాలు, మిగిలిన మూడు దిక్కులూ మూసుకుపోయినా బొమ్మ వస్తుంది. డబ్బు చెల్లించే ముందు, గోడకు రంధ్రం వేసే ముందు ఆ ఒక్క దిక్కును పరిశీలించుకోవడమే ఇందులో కీలకం.

ఈ అంశానికి ఇటీవల ప్రాధాన్యం పెరిగింది. 2025 ఆగస్టులో రామంతాపూర్‌లో శ్రీకృష్ణాష్టమి శోభాయాత్ర సందర్భంగా విద్యుదాఘాతంతో ఐదుగురు మృతి చెందిన సంగతి తెలిసిందే. ఆ వెంటనే బండ్లగూడలో గణేశ విగ్రహాన్ని తరలిస్తుండగా హైటెన్షన్ తీగ తగిలి మరో ఇద్దరు ప్రాణాలు కోల్పోయారు. ఈ ఘటనల అనంతరం నగరవ్యాప్తంగా విద్యుత్ స్తంభాలపై వేలాడుతున్న కేబుల్ తీగల తొలగింపు చేపట్టారు. వ్యవహారం హైకోర్టు వరకు వెళ్లింది. తీగలు తెగిన చోట్ల కేబుల్ టీవీ, ఇంటర్నెట్ నిలిచిపోవడంతో స్తంభంతో నిమిత్తం లేని డిష్ వైపు దృష్టి మళ్లడం సహజమే. కానీ తొందరపాటుతో బిగించిన డిష్ అదే విద్యుత్ ప్రమాదాన్ని వీధి నుంచి ఇంటి మీదికి తెచ్చే అవకాశం ఉందన్నది మరువరాదు.

గ్రామాల నుంచి గల్లీల దాకా

ఉపగ్రహ టీవీకి తెలుగునేలతో అర్ధశతాబ్ది అనుబంధం ఉంది. 1975 ఆగస్టు 1 నుంచి 1976 జులై 31 వరకు సాగిన ‘సైట్’ ప్రయోగంలో అమెరికాకు చెందిన ఏటీఎస్-6 ఉపగ్రహం ద్వారా ఆరు రాష్ట్రాల్లోని సుమారు 2,400 గ్రామాలకు కార్యక్రమాలు ప్రసారమయ్యాయి. ఆ ఆరింటిలో ఆంధ్రప్రదేశ్ ఒకటి. కోళ్ల దడికి వాడే జాలీతో చేసిన పెద్ద డిష్‌లను నాడు గ్రామాల్లో నిలబెట్టారు. పదిహేనేళ్ల తర్వాత, 1991 నాటి గల్ఫ్ యుద్ధ దృశ్యాలు ఉపగ్రహ వార్తా చానళ్ల రూపంలో దేశంలోని నగరాలకు చేరాయి. గల్ఫ్‌లో ఉపాధి పొందుతున్న వారి కుటుంబాలు అధికంగా ఉన్న పాతబస్తీకి ఆ దృశ్యాలు పరాయి దేశపు వార్తలు కావు. ఆ దశకంలోనే కేబుల్ ఆపరేటర్ల భారీ డిష్‌లు మేడలపై వెలిశాయి. 1995లో జెమిని, ఈటీవీ ప్రసారాలు ప్రారంభమయ్యాయి. 2001లో ఈటీవీ ఉర్దూ తోడైంది.

ఇంటింటికీ నేరుగా ప్రసారం చేసే డీటీహెచ్‌పై 1997లో కేంద్రం విధించిన నిషేధం 2000 నవంబరులో తొలగింది. 2003లో డిష్ టీవీ సేవలు మొదలయ్యాయి. 2004 డిసెంబరులో దూరదర్శన్ ‘డీడీ డైరెక్ట్ ప్లస్’ పేరిట నెలవారీ రుసుము లేని సేవను ప్రారంభించింది. అదే నేటి డీడీ ఫ్రీ డిష్. 2006లో టాటా స్కై రంగప్రవేశం చేసింది. దాని ప్రస్తుత పేరు టాటా ప్లే. 2008లో ఎయిర్‌టెల్ సేవలు వచ్చాయి. కేబుల్ డిజిటలీకరణ రెండో దశలో హైదరాబాద్‌కు 2013 మార్చి 31ని గడువుగా నిర్ణయించడంతో ఇళ్లకు సెట్‌టాప్ బాక్సు తప్పనిసరైంది. నాటి నుంచి కేబులా, డిష్షా అన్నది ప్రతి ఇంటా తలెత్తే ప్రశ్నగా మారింది.

ఆకాశంలో చిరునామా

ప్రసార ఉపగ్రహాలు భూమధ్యరేఖకు ఎగువన సుమారు 35,786 కిలోమీటర్ల ఎత్తున ఉంటాయి. భూమి తన చుట్టూ తాను తిరిగే వేగంతోనే అవీ పరిభ్రమిస్తుండటం వల్ల నేల మీది నుంచి చూసేవారికి ఒకేచోట నిలిచి ఉన్నట్లు తోస్తాయి. అందుకే డిష్‌ను ఒకసారి సరిగా గురిపెడితే మళ్లీ కదిలించనక్కర లేదు. ప్రతి సేవా సంస్థకూ తనదైన ఉపగ్రహం, ఆ ఉపగ్రహానికి తనదైన రేఖాంశం ఉంటాయి. చార్మినార్ ప్రాంతం నుంచి లెక్కిస్తే వాటి దిశ, ఎత్తు ఇలా ఉంటాయి. దిశను ఉత్తరం నుంచి సవ్యదిశలోనూ, ఎత్తును క్షితిజం నుంచి పైకీ కొలవాలి.

డీడీ ఫ్రీ డిష్ (జీశాట్-15, 93.5 డిగ్రీల తూర్పు): దిశ 138 డిగ్రీలు, ఎత్తు 63 డిగ్రీలు.
టాటా ప్లే (83 డిగ్రీల తూర్పు): దిశ 165 డిగ్రీలు, ఎత్తు 69 డిగ్రీలు.
డిష్ టీవీ (95 డిగ్రీల తూర్పు): దిశ 135 డిగ్రీలు, ఎత్తు 62 డిగ్రీలు.
ఎయిర్‌టెల్ (108.2 డిగ్రీల తూర్పు): దిశ 118 డిగ్రీలు, ఎత్తు 50 డిగ్రీలు.

పాతబస్తీ అంతటికీ ఈ అంకెలే వర్తిస్తాయి. ఫలక్‌నుమాలోనైనా, దబీర్‌పురాలోనైనా, బార్కాస్‌లోనైనా తేడా లెక్కలోకి రానంత స్వల్పం. సంస్థలు కాలక్రమంలో ఉపగ్రహాలను మార్చుకోవచ్చు కనుక కనెక్షన్ తీసుకునేటప్పుడు రేఖాంశాన్ని మరోసారి నిర్ధారించుకోవడం మంచిది.

చార్మినారే దిక్సూచి

దిక్కులు గుర్తించేందుకు పాతబస్తీవాసులకు ప్రత్యేక పరికరాలు అవసరం లేదు. 1591లో నిర్మించిన చార్మినార్ నాలుగు తోరణాలూ నాలుగు దిక్కులకు అభిముఖంగా ఉన్నాయి. ఉత్తరాన గుల్జార్ హౌజ్, పశ్చిమాన లాడ్ బజార్, దక్షిణాన శాలిబండ, తూర్పున కోట్ల అలీజా. శాలిబండకు, కోట్ల అలీజాకు నడుమ మొఘల్‌పురా వైపు చూపు సారిస్తే అదే ఆగ్నేయం. ఫ్రీ డిష్ ఉపగ్రహం ఆ దిక్కునే ఉంటుంది. టాటా ప్లే ఉపగ్రహం మరికొంత శాలిబండ వైపు, ఎయిర్‌టెల్ ఉపగ్రహం మరికొంత తూర్పు వైపు ఉంటాయి.

మరో గుర్తు మసీదు. హైదరాబాద్ నుంచి మక్కా దిశ సుమారు 283 డిగ్రీలు. అంటే పడమర నుంచి కొద్దిగా ఉత్తరానికి. కిబ్లాకు వీపు చేసి నిలబడి, అక్కడి నుంచి కుడి చేతి వైపు సుమారు 35 డిగ్రీలు తిరిగితే ఎదురుగా ఉన్నదే ఫ్రీ డిష్ ఉపగ్రహపు దిశ. పురాతన కట్టడాల దిశలో స్వల్ప వ్యత్యాసాలు ఉండవచ్చు కాబట్టి వీటిని తొలి అంచనాకు మాత్రమే గ్రహించాలి. ఫోన్‌లోని దిక్సూచీ పనికొస్తుంది. హైదరాబాద్‌లో అయస్కాంత ఉత్తరానికి, అసలు ఉత్తరానికి తేడా సుమారు ఒక డిగ్రీయే. అయితే మేడపై బయటకు పొడుచుకు వచ్చిన ఇనుప చువ్వలు, నీటి ట్యాంకు స్టాండు, డిష్ స్తంభం దగ్గర దిక్సూచి దారి తప్పుతుంది. నాలుగైదు అడుగుల దూరంగా జరిగి చూడాలి.

గోడకు ఎంత దూరం?

ఎదుటి మేడ అడ్డు వస్తుందా రాదా అన్నది కంటితో తేల్చడం కష్టం. లెక్క మాత్రం సులువు. ఫ్రీ డిష్, డిష్ టీవీలకు అడ్డుగోడ డిష్ కంటే ఎంత ఎత్తు ఉందో అందులో సగం దూరం ఉంటే చాలు. ఉదాహరణకు ఆగ్నేయాన ఉన్న గోడ డిష్ కంటే 10 అడుగులు ఎత్తుంటే డిష్ ఆ గోడకు 5 అడుగుల దూరంలో ఉండాలి. అదే గోడకు టాటా ప్లే డిష్ అయితే 4 అడుగులు, ఎయిర్‌టెల్ డిష్ అయితే 8 అడుగులకు పైగా దూరం అవసరం. డిష్ వెడల్పు దృష్ట్యా ఈ దూరాలకు మరో అడుగు కలుపుకోవడం శ్రేయస్కరం.

ఇదే గోడ లండన్‌లో ఉంటే సంగతి వేరు. అక్కడి టీవీ ఉపగ్రహం ఆకాశంలో సుమారు 25 డిగ్రీల ఎత్తునే ఉంటుంది. 10 అడుగుల గోడకు 21 అడుగుల దూరం కావాలి. భూమధ్యరేఖకు దగ్గరగా ఉన్నందువల్ల హైదరాబాద్‌కు ఆ చిక్కు లేదు. అయినా ఈ లెక్కకూ పరిమితి ఉంది. ఆరడుగుల గల్లీలో కింది అంతస్తు కిటికీకి డిష్ తగిలించి, ఎదురుగా ఆగ్నేయాన మూడంతస్తుల భవనం ఉంటే ఫలితం శూన్యం. డిష్ కంటే 30 అడుగులు ఎత్తున్న భవనానికి 15 అడుగుల ఎడం కావాలి మరి. అటువంటి ఇళ్లకు మేడే శరణ్యం. వాయవ్య గోడకు మాత్రమే బాల్కనీ ఉన్న ఇంట్లోనూ ఇదే పరిస్థితి. ఇల్లే డిష్‌కు అడ్డవుతుంది.

సూర్యుడే చెప్పే సాక్ష్యం

ఖర్చు లేకుండా సరిచూసుకునే పద్ధతి మరొకటుంది. ఏటా రెండుసార్లు సూర్యుడు సరిగ్గా ఉపగ్రహం వెనుక నుంచి సాగిపోతాడు. హైదరాబాద్‌లో ఇది మార్చి 12 ప్రాంతంలోనూ, అక్టోబరు 1 ప్రాంతంలోనూ సంభవిస్తుంది. ఫ్రీ డిష్ ఉపగ్రహం విషయంలో మార్చిలో ఉదయం 11.15 గంటలకు, అక్టోబరులో 11 గంటలకు కాస్త ముందు సూర్యుడు ఆ స్థానానికి చేరతాడు. ఆ వేళ డిష్ పెట్టదలచిన చోట ఎండ పడితే ఆకాశం నిరాటంకంగా ఉన్నట్లే. నీడ పడితే అడ్డు ఉన్నట్లే. ఆ నీడ ఏ గోడదో, ఏ చెట్టుదో కూడా అక్కడే తెలిసిపోతుంది.

ఇదే కారణంగా ఆ రోజుల్లో కొద్ది నిమిషాల పాటు బొమ్మ చెదిరిపోవడం కద్దు. సూర్యుని నుంచి వెలువడే తరంగాలు ఉపగ్రహ సంకేతాన్ని ముంచెత్తడమే ఇందుకు హేతువు. పరికరం పాడైందని భావించి మెకానిక్‌ను పిలవాల్సిన పని లేదు. నిమిషాల్లో దానంతటదే సర్దుకుంటుంది.

తీగల నడుమ తీరుతెన్నులు

పాతబస్తీలో డిష్ అమరికకు అసలు పరీక్ష సంకేతం కాదు, విద్యుత్ తీగ. ఏళ్ల తరబడి అంతస్తు మీద అంతస్తు లేవడంతో ఒకప్పుడు ఇంటికి దూరంగా ఉన్న తీగలు అనేక చోట్ల బాల్కనీలకు, పిట్టగోడలకు చేరువయ్యాయి. నిబంధనల ప్రకారం 11 కేవీ తీగకు, భవనానికి మధ్య నిలువుగా 3.7 మీటర్లు, అడ్డంగా 1.2 మీటర్ల ఎడం ఉండాలి. ఈ ఎడం లేని మేడపై ఇనుప గొట్టం పట్టుకుని నిలబడటమే ప్రమాదం. గొట్టం తీగను తాకనవసరం లేదు, అతి చేరువైనా విద్యుత్తు దూకే అవకాశం ఉంది.

అందువల్ల పాటించాల్సిన సూత్రం ఒక్కటే. డిష్ స్తంభం ఏ వైపు ఒరిగి పడినా తీగను అందుకోరాదు. స్తంభం పొడవుకు పైన చెప్పిన ఎడం కలిపి, తీగ అంతకు మించిన దూరంలో ఉంటేనే ఆ చోటు ఎంచుకోవాలి. మేడపైకి గొట్టాన్ని నిలువుగా కాక అడ్డంగా, మెట్ల మీదుగా చేర్చాలి. వీధిలోంచి తాడుతో పైకి లాగడం ప్రాణాంతకం. వర్షంలోనూ, తడి చేతులతోనూ, చీకటి పడ్డాకా ఈ పని తగదు. ఇంటికి ఆనుకుని తీగలుంటే విద్యుత్ సంస్థకు 1912 నంబరులో తెలియజేసి, సరఫరా నిలిపివేయించాకే పని ప్రారంభించాలి. డిష్ నుంచి వచ్చే తీగను విద్యుత్ స్తంభానికి గానీ, సర్వీసు వైరుకు గానీ కట్టరాదు. స్తంభాల మీది తీగల చిక్కుకు విరుగుడుగా తెచ్చుకున్న డిష్ మరో తీగను ఆ చిక్కుకు జోడించడం విడ్డూరమే అవుతుంది.

ఉరుములు, మెరుపుల వేళ టీవీ, బాక్సుల ప్లగ్గులు తీసివేయాలి. డిష్ తీగను కూడా బాక్సు నుంచి వేరుచేయడం మేలు. చుట్టుపక్కల అన్నింటికంటే ఎత్తయిన మేడపై డిష్ ఉంటే స్తంభానికి ఎర్తింగ్ తప్పనిసరి.

డంగుసున్నపు గోడలు.. అద్దె ఇళ్లు

పాతబస్తీ ఇళ్లలో డంగుసున్నంతో కట్టిన పాత గోడలు ఇంకా ఉన్నాయి. వాటి పిట్టగోడలకు బోల్టులు దిగేస్తే పట్టు నిలవదు. గంటకు 100 కిలోమీటర్ల వేగంతో వీచే గాలి 60 సెంటీమీటర్ల డిష్‌ను సుమారు 15 కిలోల బలంతో నెడుతుంది. నైరుతి రుతుపవనాలకు ముందు వచ్చే ఈదురుగాలులకు బలహీనమైన గోడతో సహా డిష్ గల్లీలో పడితే పాదచారుల ప్రాణానికే ముప్పు. ఆధునిక సిమెంటు శ్లాబుపైన, లేదా దృఢమైన కాంక్రీటు స్తంభానికి మాత్రమే బిగించాలి.

అద్దెకుండే వారికి మరో మార్గం ఉంది. నాలుగు పలకల ఇనుప చట్రంపై డిష్ స్తంభాన్ని అతికించి, ఆ చట్రంపై నిండైన ఇసుక బస్తాలు రెండు గానీ, సిమెంటు దిమ్మెలు గానీ పెడితే శ్లాబుకు రంధ్రం పడదు. వానాకాలంలో పైకప్పు కారే భయం ఉండదు. ఇల్లు మారినప్పుడు చట్రంతో సహా తీసుకుపోవచ్చు. యజమానితో తగవుకూ తావుండదు. డీటీహెచ్ సంస్థ కనెక్షన్ అయితే ఇల్లు మార్చేటప్పుడు డిష్ తరలింపు రుసుము ఎంతో ముందే తెలుసుకోవాలి. ఫ్రీ డిష్‌కు నెలవారీ చందా లేదు. డిష్, బాక్సులు సొంతానికి కొనుక్కోవడమే ఖర్చు. ఇటువంటి సామగ్రికి మూసీ ఆవలి ఒడ్డున కోఠిలోని గుజరాతీ గల్లీ పేరొందింది.

మేడ ఎక్కే ముందు ఇరుగుపొరుగుకు చెప్పడం పాతబస్తీ మర్యాద. నడుమ వాకిలి ఉన్న ఇళ్లలోకి పై నుంచి చూపు పడుతుంది. ఒక మాట ముందుగా చెబితే పర్దా పాటించే కుటుంబాలకు ఇబ్బంది తప్పుతుంది. పనిచేసేవారికీ సహకారం లభిస్తుంది.

గురి కుదిర్చే విధానం

చోటు నిశ్చయమయ్యాక మొదటి పని స్తంభాన్ని నిట్టనిలువుగా నిలపడం. తాపీమేస్త్రీలు వాడే తూకపు గుండు గానీ, రసమట్టం గానీ చాలు. స్తంభం ఒరిగితే ఆ తర్వాతి లెక్కలన్నీ తప్పుతాయి. డిష్ వెనుక బ్రాకెట్‌పై ముద్రించిన కొలబద్దలో ఎత్తును 63 డిగ్రీలకు, లేదా ఎంచుకున్న ఉపగ్రహానికి తగిన అంకెకు అమర్చాలి. డిష్ ముఖం మాత్రం అంత ఎత్తుకు చూస్తున్నట్లు కనిపించదు. ఇళ్లలో వాడే డిష్‌ల నిర్మాణమే అటువంటిది. సంకేతం ఏటవాలుగా వచ్చి కింది భాగాన ఉన్న చేతిపై అమర్చిన ఎల్‌ఎన్‌బీలో పడుతుంది. ముఖాన్ని 63 డిగ్రీలకు ఎత్తితే గురి తప్పుతుంది. అందుకే కొలబద్దనే నమ్మాలి.

తర్వాత డిష్‌ను ఆగ్నేయానికి తిప్పి, సెట్‌టాప్ బాక్సులో సంకేత బలం, నాణ్యత చూపే పట్టీలను తెరపైకి తెచ్చుకోవాలి. బలం కంటే నాణ్యతే ముఖ్యం. బలం ఏ ఉపగ్రహం వైపు తిరిగినా కనిపించవచ్చు. నాణ్యత మాత్రం సరైన ఉపగ్రహం దొరికినప్పుడే పెరుగుతుంది. 60 సెంటీమీటర్ల డిష్ చూపు వెడల్పు సుమారు 3 డిగ్రీలే కనుక వేలెడంత కదిలించి, రెండు మూడు సెకన్లు ఆగి, మళ్లీ కదిలించాలి. ఆత్రంగా తిప్పితే ఉపగ్రహాన్ని దాటిపోవడం ఖాయం.

చివరగా ఎల్‌ఎన్‌బీని దాని పట్టులోనే మెల్లగా తిప్పాలి. హైదరాబాద్ నుంచి ఫ్రీ డిష్ ఉపగ్రహానికి ఈ మెలిక సుమారు 40 డిగ్రీలు ఉంటుంది. దీన్ని విస్మరించడం వల్లనే కొన్ని చానళ్లు వచ్చి కొన్ని రాకపోవడం జరుగుతుంది. నిలువు, అడ్డం తరంగాలలో ప్రసారమయ్యే చానళ్లు ఒకదానితో ఒకటి కలగాపులగమవుతాయి. నాణ్యత గరిష్ఠ స్థాయికి చేరాక బోల్టులన్నీ ఒక్కొక్కటిగా, పట్టీని గమనిస్తూ బిగించాలి.

తీగగా ఆర్‌జీ-6 రకాన్ని ఎంచుకోవాలి. పొడవు ఎంత తక్కువైతే అంత మంచిది. నడుమ అతుకులు ఉండరాదు. ఎల్‌ఎన్‌బీ వద్ద తీగను కిందికి వంచి ఒక చుట్టు వదిలితే వాననీరు ఆ వంపు నుంచి కారిపోతుంది. లేకుంటే నీరు తీగ వెంబడి కనెక్టర్‌లోకి చేరి మొదటి వానకే బొమ్మ ఆగిపోతుంది. కుండపోత వర్షంలో కొద్దిసేపు ప్రసారం నిలిచిపోవడం మాత్రం లోపం కాదు. డీటీహెచ్ వాడే కేయూ బ్యాండ్ తరంగాలను వాన చినుకులు పీల్చుకోవడమే కారణం. వాన తగ్గాక కూడా బొమ్మ రాకపోతేనే డిష్ కదిలిందని గ్రహించాలి.

బండి మీద డిష్

మేడపై డిష్‌కు వర్తించే సూత్రాలే చక్రాల మీది డిష్‌కూ వర్తిస్తాయి. గణేశ నిమజ్జనం రోజున బాలాపూర్ నుంచి సాగే ఊరేగింపు చార్మినార్ చేరుకునే వేళ, మొహర్రంలో దబీర్‌పురా నుంచి బీబీ కా ఆలం బయల్దేరే వేళ టీవీ చానళ్ల ఓబీ వ్యాన్లు కూడళ్లలో ఆగి, పైకప్పుపై డిష్‌ను తెరవడం పాతబస్తీవాసులకు చిరపరిచిత దృశ్యం. ఆ వ్యాన్లు ఉపగ్రహానికి సంకేతం పంపుతాయి, ఇంటి డిష్ అందుకుంటుంది. తేడా అంతే. వ్యాన్ కదలకుండా నిలిచి, ఆకాశం కనిపించే చోటు ఎంచుకోవడం మాత్రం రెంటికీ సమానం.

కుటుంబాలు అద్దె వాహనాల్లో కలబురగి బందేనవాజ్ ఉర్సుకో, తిరుపతికో, అజ్మీర్‌కో వెళ్లేటప్పుడు, లేదా సంచార గృహంగా మార్చుకున్న వాహనంలో యాత్ర చేసేటప్పుడు టీవీ కావాలనుకుంటే ఫ్రీ డిష్ అనువైనది. చందా లేదు, చిరునామాతో నిమిత్తం లేదు. కానీ ఊరు మారితే ఆకాశంలో ఉపగ్రహపు చోటూ మారుతుంది. హైదరాబాద్‌లో ఎత్తు 63, దిశ 138 డిగ్రీలు కాగా కలబురగిలో 62, 135. తిరుపతిలో 67, 133. విశాఖపట్నంలో 66, 149. అజ్మీర్‌లో 53, 142. డిష్ చూపు వెడల్పు 3 డిగ్రీలే అయినందున ఆగిన ప్రతి చోటా తిరిగి గురి కుదర్చక తప్పదు. సాధారణ డిష్ ప్రయాణంలో పనిచేయదు. వాహనం మలుపు తిరిగిన మరుక్షణమే సంకేతం పోతుంది. కదులుతూ ఉపగ్రహాన్ని వెంబడించే యాంటెన్నాలు ఉన్నా వాటి ధర సామాన్యులకు అందేది కాదు.

డిష్‌ను వాహనం పైకప్పుకు బిగించడం కంటే ముక్కాలి పీటపై నేల మీద నిలపడం మేలు. లోపల మనుషులు కదిలితే వాహనం ఊగుతుంది, గురి చెదురుతుంది. పైగా చెట్టు నీడన వాహనం ఆపి, ఎండలో డిష్ పెట్టుకునే సౌలభ్యం నేల మీది డిష్‌కే ఉంది. ముక్కాలి పీట కాళ్లపై రాళ్లు గానీ, నీటి డబ్బాలు గానీ వేలాడదీయాలి. వాహనానికి శాశ్వత మార్పులు చేయదలిస్తే మోటారు వాహనాల చట్టం, 1988లోని 52వ సెక్షన్ దృష్ట్యా రవాణా శాఖను ముందుగా సంప్రదించాలి.

విద్యుత్తు విషయంలోనూ లెక్క ఉండాలి. చిన్న ఎల్‌ఈడీ టీవీ, బాక్సు కలిపి 40 వాట్లు తీసుకుంటాయనుకుంటే 12 వోల్టుల, 100 ఏహెచ్ బ్యాటరీలో సగం వాడినా దాదాపు 15 గంటలు నడుస్తాయి. ఇంజిన్‌ను స్టార్ట్ చేసే బ్యాటరీని ఇందుకు వాడితే తెల్లవారాక వాహనం కదలకపోవచ్చు. విడిగా మరో బ్యాటరీ ఉండటం ఉత్తమం. డిష్ నిలిపే ముందు తలెత్తి విద్యుత్ తీగలు చూసుకోవాలన్న నియమం గల్లీలో ఎంత అవసరమో రహదారి పక్కన, పొలం గట్టున అంతే అవసరం.

ఒక్క పూట పరిశీలన చాలు

డిష్ కొనడానికి ముందు ఒక పూట మేడపై గడిపితే చాలా అగచాట్లు తప్పుతాయి. ఆగ్నేయం ఎటో గుర్తించాలి. అటువైపు గోడలు ఎంత ఎత్తున్నాయో, ఎంత దూరాన ఉన్నాయో కొలవాలి. పక్క స్థలం ఖాళీగా ఉంటే రేపు అక్కడ మరో అంతస్తు లేస్తుందా అన్నదీ ఆలోచించాలి. అన్నిటికీ మించి, స్తంభం పడితే ఏ తీగ మీద పడుతుందో చూడాలి. తీగకు దూరంగా, ఆగ్నేయాన ఆకాశం కనిపించే చోటు దొరికితే ఏ గల్లీలోనైనా బొమ్మ వస్తుంది. ఆకాశం కనిపించినా తీగ చేరువలో ఉంటే ఆ చోటును వదులుకోవడమే వివేకం. ఏ టీవీ కార్యక్రమమూ ప్రాణం కంటే ఎక్కువ కాదు.